చీటీ మీద లేని పేరు

నా అనుమానపు బుద్ధి గురించి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ముప్పై నాలుగేళ్లు రైలు తపాలా బోగీలో నిలబడి ఉత్తరాలు వేరుచేశాను. కవరు చేతికొస్తే ముందు పేరు చూడను, ముద్ర చూస్తాను. ఎక్కడ వేశారు, ఏ రోజు వేశారు, దారిలో ఎక్కడ ఎన్నాళ్లు పడుకుంది. రిటైరయ్యాక మనుషుల్ని కూడా అలాగే చూస్తున్నానని మా ఆవిడ ఫిర్యాదు. పెళ్లి పిలుపుకు వచ్చినవాళ్లను "ఇంత ముందుగా వచ్చారేం?" అని అడిగానట. అడిగే ఉంటాను.

అలాంటివాణ్ని మా నారాయణ మామ బహ్రెయిన్ పంపాడు. రెండువేల ఆరులో, చలి వెనకబడుతున్న రోజుల్లో. ఆయన మా అమ్మకు తమ్ముడు. సిరిసిల్లలో మగ్గం వదిలి బొంబాయి మిల్లుకు పోయి, అక్కడ ఎర్రజెండా యూనియన్‌లో తిరిగి, మిల్లు పని పోయాక ఓడెక్కి బహ్రెయిన్ రేవులో మూటలు మోసే పనిలో చేరాడు. ఇంగ్లీషు దొరల మాట అక్కడ చెల్లుతున్న కాలం అది. మా వైపు గల్ఫ్ మొత్తం దుబాయే కాబట్టి ఊళ్లో ఆయన పేరు దుబాయి నారాయణ. దుబాయిలో ఆయన కాలు పెట్టింది లేదు.

బయల్దేరే ముందు ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక పాత పోస్టుకార్డు తీసి నా చేతిలో పెట్టాడు. ఉర్దూలో ఒకే ఒక్క వాక్యం: "చీటీ మీద నీ పేరు ఎందుకు లేదు?" కింద గౌస్ అని సంతకం. కార్డంటే తెలుసు కదా. పోస్ట్‌మాన్ చదివాడు, హోటల్ బెంచీ మీద కూర్చున్నవాళ్లు చదివారు, ఉర్దూ రాని మామకు చివరికి వాళ్లే వినిపించారు.

కథ ఇదీ. రేవులో ఫ్రెడ్ అనే ఇంగ్లీషువాడు క్రేన్లు బాగుచేసేవాడు. అతని అన్న లండన్ రేవులో కూలీ. ఆ అన్న, తాను చదివేసిన ఎర్ర వారపత్రికను రేపరు కాగితం చుట్టి ఓడ టపాలో తమ్ముడికి పంపేవాడు. రావడానికి నెల పైన పట్టేది. దాన్ని అయిదుగురు చదువుకునేవాళ్లు: బహ్రెయిన్ వాళ్లిద్దరు, ఒక మలయాళీ, రేవు ఆఫీసులో టైపు కొట్టే జగిత్యాల గౌస్, మా మామ. పేపరుకు గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉండేది. చదివినవాడు పేరూ తేదీ వేసి పక్కవాడికి అందించాలి. పేపరు ఎవరి దిండు కిందా నిద్రపోకుండా లండన్‌లో వాళ్ల సంఘాలు పాటించే పద్ధతట. అందరిదీ అయ్యాక పేపరు ఫ్రెడ్‌కు చేరేది. అతను దాన్ని ఏడెన్ రేవులో ఇంకో జట్టుకు పోస్టు చేసేవాడు.

"మా గల్లీల లొల్లి అయితే లండన్ పేపర్ల జూస్తెనే మాకు తెలుస్తుండె," అన్నాడు మామ. "ఈడికెల్లి ఆడికి పొయ్యి, ఆడ అచ్చయి, మల్ల ఈడికి వస్తుండె."

ఒక వారం పోలీసులు నలుగుర్ని పట్టుకున్నారు. బహ్రెయిన్ వాళ్లిద్దరినీ లోపల వేశారు. గౌస్‌నూ మలయాళీనీ ఓడెక్కించి ఇంటికి తోలారు. మామ జోలికి ఎవరూ రాలేదు. ఇంకో రెండేళ్లు పనిచేసి ఇంటికొచ్చాడు. వచ్చిన వారానికే జగిత్యాల నుంచి ఈ కార్డు.

"జవాబు రాయలేదా మామా?"

"గంత మాట అడిగినోనికి ఏం రాస్తరా? గౌస్ ఇప్పుడు మల్ల బహ్రెయిన్లనే, రిఫాల కొడుకు దగ్గర ఉన్నడంట. ఆయన కార్డు ఆయనకు ఇచ్చి రా. నేను చెప్పలేదని ఆయన నోట్లకెల్లి ఒక్క మాట ఇనాలె. డాక్టరు నాకు ఎక్కువ టైం ఇయ్యలే."

నా లెక్కలో అయిదుగురిలో నలుగురు దొరికిపోతే, ముందు చూడాల్సింది అయిదోవాణ్ని. ఆ మాట మామ ముఖం చూసి మింగేశాను. మింగానే గానీ అరగలేదు.

పైగా ఆ రోజే ఇద్దరికీ చిన్న రగడ. ఆయన వైద్యానికి కావాల్సిన ఫారం ఒకటి ఇంగ్లీషులో ఉంది. మామకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాదు. నేను చదివి అర్థం చెప్పినా సంతకం పెట్టడు. "నేను సొంతంగ సదవని కాయితం మీద పెట్ట. మిల్లుల నేర్సుకున్న. మస్తు మంది అట్లనే మునిగిన్రు." ముసలితనపు మొండితనం అని గొణుక్కుంటూ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను.

హిద్

విమానాశ్రయానికి మా అన్న కొడుకు మల్లేశం పికప్ వేసుకుని వచ్చాడు. హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డు పక్కన ఒక గోదాంలో డ్రైవరు వాడు. ఒక గదిలో ఆరుగురు, అందరూ జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లే. నా కోసం ఒకతను తన మంచం ఇచ్చి కింద పడుకున్నాడు. ఎందుకింత మర్యాద అని మొదటి రోజంతా అతన్ని ఓ కంట కనిపెట్టాను. నేను తెచ్చిన మామిడికాయ తొక్కు కోసమని తేలింది.

సందు చివర "కోల్డ్ స్టోర్" అని బోర్డు. చల్లటి గోదాం అనుకుని శాలువా కప్పుకుని వెళ్లాను. తీరా చూస్తే మన కిరాణా కొట్టు. టీ నూరు ఫిల్సులు, అంటే మన పన్నెండు రూపాయలు. కరీంనగర్ బస్టాండులో ఆ డబ్బుకు నలుగురం తాగుతాం. రొట్టెలు మాత్రం చౌక. బట్టీలోంచి తీసి పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తాడు. పొద్దున టిఫినుకు తీపి సేమ్యా మీద ఆమ్లెట్ పరిచి తెచ్చారు. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని ముందు మల్లేశం చేత తినిపించి, వాడు బతికే ఉన్నాడని చూసుకుని నేను తిన్నాను. బాగుంది. మర్నాడు మళ్లీ అడిగాను.

నేనొచ్చిన పని చెప్పగానే మల్లేశం ముఖం మాడింది. లేచి తలుపు వేసి వచ్చాడు.

"కాకా, ఈడ యూనియన్ అనే మాట ఎత్తకు. ఇప్పుడు పెట్టుకోవచ్చని కాయితం మీద ఉన్నదంట. అయినా నాకు వీసా ఇచ్చిన కఫీల్ చెవుల పడితే నా పని ఖలాస్."

"నలభై ఏళ్ల కిందటి సంగతిరా."

"అయితేంది? మొన్న పక్క క్యాంపుల నీళ్లు మంచిగ లెవ్వని డ్యూటీ బంద్ పెట్టిన్రు. రెండు వందల గజాల దూరం. మాకు ఎట్ల తెల్సింది? జగిత్యాలకెల్లి ఇంటామె ఫోన్ చేసి చెప్తె తెల్సింది."

అందరి చేతుల్లో మొబైల్ ఫోన్లు ఉన్నాయి, గోకి నంబరు కొట్టే కార్డులు ఉన్నాయి. అయినా పక్క క్యాంపు వార్త జగిత్యాల మీదుగా వచ్చింది. మామ కాలంలో లండన్ మీదుగా వచ్చేది. ఓడ పోయి ఫోన్ వచ్చిందే తప్ప దారి పెద్దగా దగ్గర పడలేదు.

మనామా

శుక్రవారం నన్ను మనామా బజారులో దింపి మల్లేశం తన పని మీద పోయాడు. మామ చెప్పిన గుర్తు ఒకటి వెతకాలని నా ఉద్దేశం. "పడవ దిగితే ఎదురుంగనే తెల్ల దర్వాజ, దానెన్క బజారు, నీళ్లు మెట్లకు తగులుతుండె" అని వందసార్లు చెప్పాడు. దర్వాజా దొరికింది. బాబ్ అల్ బహ్రెయిన్ అంటారు. ఎదురుగా నీళ్లు లేవు. రోడ్లు, బ్యాంకులు, పార్కింగు. సముద్రం కోసం నడిచి నడిచి చెప్పు తెగింది.

అప్పుడు నా మనసు ఏమందో దాచను. ఇంత చిన్న సంగతిలోనే మామ కోతలు కోస్తే, పెద్ద సంగతిలో నిజం ఎందుకు చెప్తాడు? చెప్పు చేతిలో పట్టుకుని, ఒంటికాలి మీద కుంటుకుంటూ, మా అమ్మ తమ్ముడిని నేనే బోనులో నిలబెట్టాను.

చెప్పు కుట్టిన ముసలాయన పాకిస్తాన్ వాడు. కుడుతూ అడిగాడు, ఇంత దూరం ఎందుకు నడిచారని. చెప్పాను. నవ్వి, దర్వాజా వైపు సూది చూపించాడు.

"సముందర్ వహీఁ థా భాయ్. మట్టీ డాల్ కే భర్ దియా." సముద్రం అక్కడే ఉండేది, మట్టి పోసి పూడ్చేశారు అని.

ఆయన అడిగిన దానికి ఇంకో నూరు ఫిల్సులు కలిపి ఇచ్చాను. ఎందుకిచ్చానో ఆయనకు అర్థం కాలేదు.

రిఫా

గౌస్ సాబ్ కొడుకు ఇళ్లకు కావాల్సిన ఎలక్ట్రిక్ సామాను అమ్ముతాడు. రిఫాలో పెద్ద ఇల్లు. బయటి గదిలో గోడల పొడుగునా పరుపులు. గౌస్ సాబ్ డెబ్బై అయిదు దాటిన మనిషి. తెల్లటి గడ్డం, ఇస్త్రీ మడత చెదరని లాల్చీ. నేను ఎవరి మేనల్లుణ్నో చెప్పగానే ముఖంలో తలుపు మూసుకుంది. అయినా మర్యాద తప్పలేదు. చెంబులోంచి కావా, అంటే ఇక్కడి కాఫీ, పోశాడు. యాలకుల కషాయంలా ఉంటుంది, కప్పు మన బొటనవేలంత.

తాగాను. మళ్లీ పోశాడు. వద్దంటే తప్పేమోనని తాగాను. మళ్లీ పోశాడు. మాట లేదు, పలుకు లేదు, పోయడం ఒక్కటే. నోరు తెరవకుండా నన్ను కావాతోనే సాగనంపుతాడని అనుమానం వచ్చింది. ఏడో కప్పుకు నా గుండె రైలు ఇంజనులా కొట్టుకుంది.

"కప్పు ఊపాలె భాయ్," అన్నాడు చివరికి. "ఊపితేనే చాలు అని. ఊపకపోతే పోసుడే ఈడి రివాజు."

ఊపాను. కార్డు తీసి ముందు పెట్టాను. తన చేతిరాత తానే చాలాసేపు చూసుకున్నాడు.

"దీన్ని ఇంక దాసుకున్నడా?"

"మీకు తిరిగి ఇమ్మన్నాడు. తాను చెప్పలేదని మీ నోటితో ఒక్క మాట వినాలంటున్నాడు."

"చూడు భాయ్. నన్ను కూసోపెట్టి చీటీ ముందట పెట్టిన్రు. మా చీటీనే. హసన్, యూసుఫ్, మలబారీ, నేను. నాలుగు పేర్లు, నాలుగు సంతకాలు. అయిదోది లేదు. పేపరు ఆఖరికి ఎవరి చేతుల ఉండె? నారాయణ చేతుల. నేనే ఇచ్చిన, ఫ్రెడ్ సాబ్‌కు ఇయ్యిమని. మరి అది పోలీసోళ్లకు ఎట్ల పోయింది?" కార్డు నా వైపు తోశాడు. "హసన్ జైలుకెల్లి వచ్చిండు గని మనిషి కాలే. ఆరు నెలలకే పోయిండు. నేను మల్ల ఈ గడ్డ మీద కాలు పెట్టనీకి ఎనిమిదేండ్లు పట్టింది. నీ మామకు ఏం కాలే. నువ్వయితే ఏమనుకుంటవు?"

నేను అనుకున్నదీ అదే.

"నమ్మకపోతే ఫ్రెడ్ సాబ్‌ను అడుగు. బుదైయాల ఉంటడు. మంచి మనిషి. మా పిల్లగాని షాదీకి వచ్చి బిర్యానీ తిన్నడు. ఆయన ఏ కాయితం పారెయ్యడు."

కార్డు తీసుకోలేదు. అది మళ్లీ నా జేబులోకే వచ్చింది.

బుదైయా

బుదైయా దారిలో తోటలు, గోడలు, గోడల వెనక విల్లాలు. ఎర్ర పేపరు పంచిన ఇంగ్లీషువాడు, పేపరు చదివినవాళ్లు జైలుకు పోయిన చోట, నలభై ఏళ్లు నీడపట్టున ఎలా ఉన్నాడు? మల్లేశం పికప్‌లో కూర్చుని ఇదే నమిలాను. వాడు మాత్రం, "దొరలకు ఏంది కాకా, వాళ్లకు అంత నడుస్తది" అన్నాడు. వాడి మాటలో నాకంటే తక్కువ అనుమానం, ఎక్కువ అనుభవం ఉంది.

తీరా చూస్తే విల్లా కాదు. ఒక ఖర్జూరపు తోట మూలన రెండు గదులు. ఎనభైకి దగ్గరపడ్డ ఫ్రెడ్, నిక్కరు వేసుకుని టమాటా మొక్కలకు కర్రలు కడుతున్నాడు. రేవు హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. నా ఇంగ్లీషు తపాలా ఇంగ్లీషు. ఇద్దరికీ సరిపోయింది.

టీ ఇచ్చి ముందు రాజకీయం మొదలుపెట్టాడు. వాళ్ల దేశంలో కార్మికుల పార్టీ గెలిచి గద్దెనెక్కినప్పుడు లండన్‌లో అతని అన్న వీధుల్లో చిందులేశాడట. ఆ వార్త ఇక్కడ రేడియోలో అదే రోజు తెలిసింది. కానీ ఆ పార్టీ ప్రభుత్వమే ఈ దీవిలో పాత దొరల పద్ధతినే నడిపిస్తోందని రాసిన ఎర్ర పేపరు నెలన్నరకు గానీ రాలేదు. "మంచి వార్త ఎగిరొస్తుంది. దాని అసలు రంగు ఓడలో వస్తుంది," అన్నాడు. ఎర్ర పేపర్లు కూడా ఒకటి కాదట. వాళ్ల సంఘంలో ఆరుగురుంటే మూడు పార్టీలు, ఒక పార్టీ వాడికి ఇంకో పార్టీ వాడు పోలీసు మనిషిలా కనిపిస్తాడు. ఇది వినగానే నాకు సిరిసిల్ల గుర్తొచ్చింది. మన దగ్గరా పోలీసుల కంటే పక్క జెండావాడి మీదే అనుమానం ఎక్కువ.

"మూడేళ్ల కింద మా పార్టీ ప్రభుత్వం ఇరాక్ మీదికి పోయింది. నా సభ్యత్వ కార్డు కవర్లో పెట్టి వాపసు పంపేశాను. రిజిస్టర్డ్ పోస్టు."

"రసీదు ఉందా?" అన్నాను. నోరు జారింది, అలవాటు.

కోపం తెచ్చుకోకుండా లోపలికి పోయి రసీదు తెచ్చి చూపించాడు. నిజంగానే ఏ కాయితమూ పారెయ్యని మనిషి. అప్పుడు అడిగాను, ఆ చీటీలు ఉన్నాయా అని.

ఒక క్షణం ఆలస్యం చేశాడు. నేను గమనించాను. తర్వాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చాడు. ఏడెన్‌కు పోస్టు చేసే ముందు ప్రతి వారం చీటీని చింపి ఇందులో దాచేవాడట, పేర్లు బయటికి పోకూడదని. డబ్బా అడుగున రేపరు చుట్టిన పేపరు కూడా ఒకటి ఉంది.

చీటీలను బల్ల మీద పరిచి తేదీల వారీగా పేర్చాను. నా చేతులకు ఇంకో పని రాదు. ముప్పై ఒక్క వారాలు. ప్రతి చీటీ మీద నాలుగే పేర్లు. ఒక్కదాని మీద కూడా మా మామ పేరు లేదు.

నా జేబులో మడిచిన ఫారం గుర్తొచ్చింది. నేను సొంతంగ సదవని కాయితం మీద పెట్ట. ఆ వారం కాదు, ఏ వారమూ పెట్టలేదు ఆయన. తప్పించుకోవడానికి కాదు, చదవలేదని. ఊరి నుంచి మోసుకొచ్చిన అనుమానానికి సిగ్గేసింది.

"నారాయణ్ పేరు ఎప్పుడూ ఉండేది కాదు," అన్నాడు ఫ్రెడ్ నెమ్మదిగా. "గౌస్ చదివి వినిపించేవాడు. అడిగి చిన్నబుచ్చడం ఎందుకని నేను ఊరుకున్నాను."

అంటే ఇతనికి తెలుసు. నేను మళ్లీ చీటీలు చూశాను. వరస ముప్పై ఒకటో వారంతో ఆగిపోయింది. పట్టుకుపోయిన వారం చీటీ లేదు, అది పోలీసుల దగ్గరే ఉండిపోయి ఉంటుంది. డబ్బా అడుగున ఉన్న పేపరు తీసి వెలుతురులో పెట్టాను. ఏడెన్ చిరునామా. బుక్ పోస్టు, రెండు కొసలూ తెరిచి ఉన్నాయి. స్టాంపు మీద ముద్ర పడింది, బహ్రెయిన్‌ది, శుభ్రంగా. చుట్టూ తిప్పి చూశాను. ఏడెన్ చేరిన ముద్ర లేదు. వాపసు ముద్ర కూడా లేదు.

"ఇది పోస్టు చేశారు," అన్నాను. "ఇది ఎక్కడికీ పోలేదు. మరి మీ ఇంట్లోకి ఎలా వచ్చింది?"

ఫ్రెడ్ కప్పు కింద పెట్టాడు.

"ఆ వారం స్టీమరు ఒక రోజు ముందొచ్చింది," అన్నాడు. "నారాయణ్ పరుగెత్తుకుంటూ తెచ్చిచ్చాడు. టపా సంచి కట్టేస్తున్నారు. నేను రేపరు చుట్టి ఇచ్చేశాను. చీటీ చింపడం మరిచిపోయాను. ఎవరో కొస లాగి చూశారు. నాలుగు పేర్లు, తేదీలతో సహా. వారం తర్వాత మా దేశపు ఆఫీసరే ఒకడు పేపరు నా చేతిలో పెట్టి, ఇకమీద లోపల ఏం వదిలేస్తున్నావో చూసుకో అన్నాడు. నన్ను అంతకుమించి ఏమీ అనలేదు. నేను ఇంగ్లీషువాణ్ని కదా. ఆ రోజే అన్నకు రాశాను, ఇక పేపరు పంపొద్దని."

"గౌస్ సాబ్‌కు ఎందుకు చెప్పలేదు?"

"ఆయన తిరిగొచ్చేసరికి ఎనిమిదేళ్లయింది. నారాయణ్‌దే తప్పని అప్పటికే నిశ్చయించుకున్నాడు. నన్ను కౌగిలించుకున్నాడు. ఆ తర్వాత చెప్పడం ప్రతి ఏడూ ఇంకా కష్టమైంది." కప్పు పక్కకు జరిపి, "ఉత్తరం రాసిస్తాను, తీసుకెళ్తారా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇతను గౌస్ సాబ్ కొడుకు పెళ్లి బిర్యానీ తిన్నాడు. మా మామ నలభై ఏళ్లు ఊరి హోటల్ ముందు తల దించుకుని నడిచాడు.

"ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు మోశాను సార్. ఇది ఉత్తరంలో పోయే మాట కాదు. రిఫా ఇక్కడికి అరగంట. బండి బయట ఉంది."

నిక్కరు మార్చుకుని వచ్చాడు.

మళ్లీ రిఫా

గౌస్ సాబ్ ముందు రేపరూ చీటీలూ పెట్టి ఫ్రెడ్ నిలబడే చెప్పాడు. నాకు చెప్పిన మాటలే, ఒక్కటి కూడా తగ్గించకుండా. చివర, "నేనే" అన్నాడు.

గౌస్ సాబ్ కూర్చోమని చెయ్యి చూపించాడు. కావా పోశాడు. ఫ్రెడ్ తాగాడు. మళ్లీ పోశాడు. ఫ్రెడ్ మళ్లీ తాగాడు. నాకంటే నలభై ఏళ్ల ముందు నుంచి కప్పు ఊపడం తెలిసిన మనిషి ఊపడం లేదు. ఆయన పోస్తున్నాడు, ఇతను తాగుతున్నాడు. మల్లేశం నా వైపు చూశాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా అలాగే సాగింది.

"ఊపుతె అయిపోతుండె కద సాబ్," అన్నాడు గౌస్ సాబ్. "నలభై ఏండ్ల కిందనే ఊపుతె అయిపోతుండె."

తర్వాత చీటీలు ఒక్కొక్కటే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. అన్నీ చూశాక కళ్లద్దాలు తీసేశాడు.

"నేనే చదివి వినిపిస్తుంటి భాయ్. ఇంగ్లీషు రాదని నాకు తెల్వదా? సంతకమన్న పెడ్తుండొచ్చు అనుకున్న. వాణ్ని ఒక్క మాట అడిగి ఉంటె... కార్డు రాసిన. అందరు చదివేటట్టు కార్డు రాసిన."

మల్లేశం అప్పటికే ఫోన్ కలిపి స్పీకరు నొక్కాడు. సిరిసిల్లలో మామ కోడలు ఎత్తి ఆయనకు ఇచ్చింది. మామకు చెవులు సరిగా వినపడవు కాబట్టి గౌస్ సాబ్ గట్టిగా మాట్లాడాడు, గదిలో అందరికీ వినిపించేలా.

"నారాయణా, నేను గౌస్‌ను. నువ్వు చెప్పలే. నాకు తెల్సింది. నువ్వు చెప్పలే."

లైను తెగిందేమో అని మల్లేశం ఫోన్ చూశాడు.

"ఆ వారం పేపరు తెల్లారి సదివి ఇనిపిస్తనంటివి," అన్నాడు మామ.

గౌస్ సాబ్ ఏడ్చాడు. ఏడుస్తూనే రేపరు విప్పాడు. కాగితం పచ్చబడి మడతల దగ్గర విరుగుతోంది. కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, ఇంగ్లీషు చదువుతూ మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టాడు. లండన్ రేవులో సమ్మె. మూడో వారం. గేట్ల దగ్గర చలి మంటలు. వాళ్ల సొంత పార్టీ ప్రభుత్వమే సైనికుల చేత సామాను దింపిస్తానని బెదిరిస్తోంది. ఆడవాళ్లు వీధివీధికీ సూపు కాస్తున్నారు. పావుగంట చదివాడు. మల్లేశం కార్డు అయిపోతే నేను ఇంకో కార్డు గోకాను.

"మరి గెలిసిన్రా, ఓడిన్రా?" అన్నాడు మామ.

గౌస్ సాబ్ ఫ్రెడ్ వైపు చూశాడు. ఫ్రెడ్‌కు ప్రశ్న అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు. ఓడిపోయారు. వాళ్ల అన్నకు ఆ తర్వాత రేవులో పని దొరకలేదట.

గౌస్ సాబ్ ఫోన్‌ను కాసేపు గుండెకు ఆనించుకుని, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇంక తెల్వది నారాయణా. వచ్చే వారం పేపరు రాలే."

"వచ్చినంక సదువు."

"వచ్చినంక చదువుత."

ఇంటికి వచ్చాక

ఇది రాస్తున్న నాటికి మామ ఉన్నాడు. డాక్టరు ఇచ్చిన టైము దాటిపోయింది. ఇంగ్లీషు ఫారం మీద ఇంకా సంతకం పెట్టలేదు. ఊళ్లో హోటల్ బెంచీ దగ్గర నేను ఆ పాత కార్డును, కింద గౌస్ సాబ్ చెప్తే తెలుగులో రాసి ఆయన చేత సంతకం పెట్టించిన రెండు వాక్యాలనూ, అందరికీ చదివి వినిపించాను. కార్డు వచ్చినప్పుడు చదివినవాళ్లలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ వినేలా చదివాను.

ప్రతి శుక్రవారం రిఫా నుంచి ఫోన్ వస్తుంది. మామ పొద్దుటి నుంచే కుర్చీ ఫోను దగ్గరికి లాక్కుంటాడు. గౌస్ సాబ్ పేపరు చదువుతాడు. ఎనిమిదో వారం నడుస్తోంది. రేవువాళ్లు ఇంకా గట్టిగానే ఉన్నారట. వేరే రేవుల వాళ్లు కూడా పని ఆపారట. బొంబాయి మిల్లువాళ్లు చందా పంపించారని చదివిన రోజు మామ నన్ను పిలిచి మరీ చెప్పాడు.

ఆ వారం తర్వాత పేపరు రాలేదని బుదైయాలో ఫ్రెడ్ నాతో చెప్పాడు. రిఫాలో అది గౌస్ సాబ్ కూడా విన్నాడు. మరి ఆయన చదువుతున్నది ఏ పేపరో నేను అడగలేదు. ముద్ర చూడకుండా నేను తీసుకున్న టపా ఇదొక్కటే.